ఒకే ఇల్లు, ఒకే మాత్ర: నాకు 31, చెల్లికి 19. విటమిన్ డి అంతా జన్యువుల్లోనే ఉందా?

మేఘమాల
నాకూ చెల్లికీ రెండేళ్ల తేడా. ఒకే ఇంట్లో ఉంటాం, ఒకే వంట తింటాం, ఇద్దరివీ కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగాలే. మొదటి పరీక్షలో విటమిన్ డి నాకు 14, దానికి 13 (మిల్లీలీటరుకి నానోగ్రాములు). డాక్టరు ఇద్దరికీ ఒకే మాత్ర, ఒకే డోసు రాశారు. మూడు నెలలయ్యాక చూస్తే నాది 31. దానిది 19 దగ్గర ఆగిపోయింది. మింగట్లేదేమోనని ఖాళీ స్ట్రిప్పులు లెక్కపెట్టాను, నవ్వకండి. లెక్క సరిపోయింది.

ఇప్పుడు అది "నా జన్యువులే అంత, ఇంక మాత్రలు దండగ" అంటోంది. జన్యువుల వల్ల ఇంత తేడా వస్తుందా? అయినా ఇద్దరం ఒకే అమ్మానాన్నల పిల్లలమేగా, జన్యువులూ ఒకటేగా?

ఎండమావి
అంతా ఎండేనండీ. రోజూ ఎండలో తిరిగేవాడికి జన్యువులూ గిన్యువులూ ఏమీ చెయ్యవు. చెల్లిని కాస్త బయట తిప్పండి.

చదువరి77
అదేం కాదు. 80 శాతం వంశపారంపర్యమే అని చదివాను. చెల్లెలు చెప్పిందే నిజం.

పాత_పంతులు
మేఘమాల గారూ, ముందు మీ చివరి ప్రశ్నకి జవాబు. మనిషికీ మనిషికీ తేడాగా ఉండే జన్యుభాగాల్లో అక్కచెల్లెళ్లకి సగటున సగమే కలుస్తాయి. మొత్తం కలిసేది ఒకే అండం నుంచి పుట్టిన కవలలకి. కాబట్టి "ఒకే తల్లిదండ్రులు" అన్నంత మాత్రాన మీ ఇద్దరి విటమిన్ డి యంత్రాంగం ఒకటి కావక్కర్లేదు.

ఇక యంత్రాంగం. నేను జీవరసాయనం చెప్పి రిటైరైనవాణ్ని, కాస్త సాగదీస్తాను, ఓపిక పట్టండి.

చర్మంలో 7-డీహైడ్రోకొలెస్టరాల్ అనే పదార్థం ఉంటుంది. దాని ముందు రెండు దారులు. డీహెచ్‌సీఆర్7 అనే ఎంజైము చేతికి చిక్కితే కొలెస్టరాల్ అయిపోతుంది. ఈలోగా 290 నుంచి 315 నానోమీటర్ల అతినీలలోహిత కిరణం తగిలిందా, విటమిన్ డికి ముందు రూపంగా మారుతుంది. ఒంటి వేడికి అది నెమ్మదిగా డి3 అవుతుంది. డి3 కాలేయానికి చేరితే అక్కడ ముఖ్యంగా సీవైపీ2ఆర్1 అనే ఎంజైము దాన్ని 25-హైడ్రాక్సీ విటమిన్ డిగా మారుస్తుంది. మీ రిపోర్టులో కనిపించిన అంకె దీనిదే. రక్తంలో దీన్ని మోసుకు తిరిగేది జీసీ అనే జన్యువు తయారుచేసే ప్రోటీన్. తర్వాత కిడ్నీలో దీన్నుంచి అసలు పని చేసే హార్మోను తయారవుతుంది. అవసరం తీరాక విరగ్గొట్టి బయటికి పంపే పని సీవైపీ24ఏ1ది.

చెరువు లెక్కన చూడండి. రిపోర్టు చెప్పేది నీటిమట్టం. ఎంత వాన పడింది, కాలవ ఎంత వెడల్పు, తూము ఎంత తెరిచి ఉంది అనేవి రిపోర్టులో ఉండవు. ఇద్దరికీ ఒకే వాన పడినా కాలవలూ తూములూ వేరైతే మట్టం వేరవుతుంది.

2010లో యూరప్ సంతతికి చెందిన దాదాపు 34 వేల మంది జన్యువులంతా గాలించి, ఎవరి మట్టం ఎందుకు తగ్గుతోందో వెతికారు. బయటపడ్డవి జీసీ, డీహెచ్‌సీఆర్7, సీవైపీ2ఆర్1, సీవైపీ24ఏ1. నేను ఇప్పుడు చెప్పిన పేర్లే. ఏ ఊహా లేకుండా జన్యురాశి మొత్తం వెతికితే పాఠ్యపుస్తకంలోని దారే కళ్లముందుకి రావడం అరుదు. ఆ పేపరు చదివిన రోజు నాకు భలే సంతోషం వేసింది. ఈ జన్యువుల్లో "తగ్గించే" రూపాలు బాగా పోగుపడినవాళ్లకి, అతి తక్కువ ఉన్నవాళ్లతో పోలిస్తే, లోపం వచ్చే అవకాశం సుమారు రెండు నుంచి రెండున్నర రెట్లు. 2020లో బ్రిటన్ బయోబ్యాంకులోని (జనం జన్యు, ఆరోగ్య వివరాలు దాచే భాండాగారం) 4 లక్షల పైచిలుకు మందితో చూస్తే జన్యురాశిలో ఇలాంటి చోట్లు 143కి చేరాయి.

అంటే మీ చెల్లెలి మాటలో పస ఉంది. కానీ "మాత్రలు దండగ" అన్నది దాన్నుంచి రాదు. మట్టం 13 నుంచి 19కి వచ్చింది కదా, కాలవ పారుతోందనేగా!

చదువరి77
చూశారా! మరి 80 శాతం కరెక్టేగా పంతులు గారూ?

లెక్కల_మాస్టారు
ఈ శాతం నా పరిధిలోది కాబట్టి నేను దూరుతున్నా.

చదువరి గారూ, 80 అని చదివి ఉంటారు, 30 అనీ చదవొచ్చు. కవలల మీద చేసిన అధ్యయనాల్లో ఈ వాటా 20ల నుంచి 80ల దాకా వచ్చింది. ఇంకా తమాషా ఉంది. 2009లో స్వీడన్ కవలల్లో చూస్తే, వేసవిలో మనిషికీ మనిషికీ మధ్య ఉన్న హెచ్చుతగ్గుల్లో దాదాపు సగం జన్యుపరం, చలికాలంలో ఏమీ లేదు. మరుసటి ఏడాది అమెరికాలో మగ కవలల్లో చూస్తే చలికాలంలో 70 శాతం, వేసవిలో ఏమీ లేదు. పూర్తిగా తలకిందులు.

ఒకరు అబద్ధం, ఒకరు నిజం అనుకోనక్కర్లేదు. చిన్న గుంపులతో చేసిన లెక్కలు కాబట్టి కొంత కాకతాళీయమూ ఉంటుంది. అసలు సంగతి ఏంటంటే ఈ "వంశపారంపర్య వాటా" ఒక మనిషి గురించి చెప్పే అంకె కాదు. ఒక గుంపులో, ఒక కాలంలో, ఒక పరిసరంలో కనిపించే తేడాల్లో ఎంత వాటా జన్యువులదో చెప్పే నిష్పత్తి. వెయ్యి మందిని ఒకే గదిలో, ఒకే దీపం కింద, ఒకే తిండితో ఏడాది ఉంచండి. పరిసరం అందరికీ ఒకటే కాబట్టి మిగిలిన తేడా అంతా జన్యువుల ఖాతాలోకే పోతుంది, వాటా 100కి దగ్గరవుతుంది. అదే వెయ్యి మందిని భూమధ్యరేఖ నుంచి ధ్రువం దాకా చల్లేయండి, వాటా ఢామ్మని పడిపోతుంది. ఒక్కరి జన్యువు కూడా మారలేదు!

అందుకని "చెల్లెలి 19లో 80 శాతం జన్యువులది" అన్న వాక్యం తప్పొప్పుల దాకా పోదు, దానికి అర్థమే లేదు. దీర్ఘచతురస్రం వైశాల్యంలో పొడవు వాటా ఎంత, వెడల్పు వాటా ఎంత అన్నట్టు.

ఇంకో మాట. కవలలతో కాకుండా, బంధుత్వం లేని లక్షల మంది డీఎన్‌ఏలో సాధారణంగా కనిపించే మార్పులన్నీ కలిపి లెక్కేస్తే వచ్చింది 13 నుంచి 16 శాతమే. కవలల అంకెకీ దీనికీ మధ్య ఉన్న గండి ఇంకా పూర్తిగా పూడలేదు. అరుదైన మార్పులు ఈ లెక్కలోకి రాకపోవడం ఒక కారణం. అచ్చు ఒకేలా ఉండే కవలలు అలవాట్లలోనూ ఒకేలా ఉంటే, ఆ ఎండా ఆ నడకా కూడా జన్యువుల ఖాతాలో పడిపోవడం ఇంకోటి.

ఎండమావి
13 శాతం! అంటే మిగతా 87 ఎండదేగా. నేను మొదటే చెప్పా.

లెక్కల_మాస్టారు
మిగతాదంతా ఎండకి రాసిచ్చెయ్యడం కూడా అదే తప్పండీ. అందులో కొలతల పొరపాట్లూ ఉంటాయి, బరువూ ఉంటుంది, మందులూ ఉంటాయి.

నీడగడియారం
ఎండమావి గారూ, మీ పేరు లాగే ఎండ కూడా మోసం చేస్తుంది. వెలుతురు ఉన్నంత మాత్రాన పని జరగదు. పంతులు గారు చెప్పిన ఆ కిరణాలు (యూవీబీ అంటారు) సూర్యుడు వాలుగా ఉన్నప్పుడు వాతావరణంలో ఎక్కువ దూరం ప్రయాణించాలి, ఓజోను చాలావరకు మింగేస్తుంది. అందుకే పొద్దున్నే వచ్చే లేత ఎండ హాయిగా ఉంటుంది గానీ విటమిన్ డికి పెద్దగా అక్కరకి రాదు. సులువైన కొలత మీ నీడే. నీడ మీకంటే పొట్టిగా ఉంటే కిరణాలు తగినంత అందుతున్నట్టు. పొడుగ్గా ఉంటే పెద్దగా అందనట్టే.

1988లో ఒక ప్రయోగం చేశారు. చర్మం ముక్కల్నీ, 7-డీహైడ్రోకొలెస్టరాల్ ద్రావణాన్నీ ఆరుబయట పెట్టి నెలనెలా చూశారు. 42 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీదున్న బోస్టన్‌లో నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, మబ్బు లేని రోజున కూడా ఏమీ తయారు కాలేదు. 53 డిగ్రీలు దాటిన ఎడ్మంటన్‌లో (కెనడా) ఆ ఖాళీ అక్టోబరు నుంచి మార్చి దాకా సాగింది. అలాంటి చోట ఆ నెలల్లో డీహెచ్‌సీఆర్7 ఏ రూపమైతే ఏం లాభం? ముడిసరుకు ఎంతున్నా పొయ్యి వెలగలేదు.

కిటికీ అద్దం యూవీబీని దాదాపు మొత్తం ఆపేస్తుంది. మా ఆఫీసులో ఎండ పడే కిటికీ పక్క సీటు కోసం ఒకాయన "నాకు డి తక్కువ" అని నెలరోజులు పోట్లాడి గెలిచాడు. ఆయనకి దక్కింది ఉక్కపోతే.

ఇంకోటి, "ఎంతసేపు ఉంటే అంత" కాదు. ఒక హద్దు దాటాక అదే ఎండ ముందు రూపాన్ని లూమిస్టెరాల్, టాకిస్టెరాల్ అనే పనికిరాని సరుకుగా మార్చేస్తుంది. ఎండ వల్ల విటమిన్ డి విషం కాకపోవడానికి ఇదే కారణం. చర్మం కమలడం, క్యాన్సర్ ముప్పు మాత్రం ఆ హద్దు దగ్గర ఆగవు.

చదువరి77
మరి చర్మం రంగు? అది జన్యువా, పరిసరమా?

నీడగడియారం
భలే అడిగారు. రంగు జన్యువుల నుంచే వస్తుంది. కానీ దాని ప్రభావం ఎండ ద్వారానే నడుస్తుంది. మెలనిన్ యూవీబీని పీల్చుకుంటుంది కాబట్టి నల్లని చర్మానికి అదే మోతాదు తయారవడానికి ఎక్కువసేపు పడుతుంది. ఎండే తగలకుండా మాత్రల మీదే బతికేవాళ్లలో ఆ తేడాకి పని లేదు. ఇది ఏ ఖాతాలో రాస్తారు మాస్టారూ?

లెక్కల_మాస్టారు
రెండింట్లోనూ. ఖాతా పుస్తకానిదే తప్పు.

పాత_పంతులు
వయసు కూడా కలపండి. ముసలితనంలో చర్మంలో ముడిసరుకే తగ్గుతుంది. కుర్రవాడితో పోలిస్తే 80 దాటినవాడి చర్మం తయారుచేసేది సగానికి లోపే. నా సంగతి నేనే చెప్పుకుంటున్నా.

మేఘమాల గారూ, మొహమాటపడకుండా చెప్పండి. మీ ఇద్దరి బరువుల్లో తేడా ఉందా? చెల్లెలు వేరే మందులేమైనా వాడుతోందా? ఫిట్స్‌కి వాడే ఫెనిటోయిన్, కార్బమజెపైన్, క్షయకి వాడే రిఫాంపిసిన్ లాంటివి విటమిన్ డిని త్వరగా విరగ్గొట్టే ఎంజైముల్ని రెచ్చగొడతాయి. తూము బార్లా తెరిచినట్టే.

మేఘమాల
మందులేం లేవండీ. బరువు మాత్రం నాకంటే 20 కిలోలు ఎక్కువ. (ఇది చదివితే చంపుతుంది.) బరువుకి దీనికి ఏంటి సంబంధం?

పాత_పంతులు
విటమిన్ డి కొవ్వులో కరుగుతుంది. ఒళ్లు పెద్దదైతే అదే సరుకు ఎక్కువ చోట పరుచుకోవాలి. 2000లో ఒక ప్రయోగంలో స్థూలకాయులకీ సన్నగా ఉన్నవాళ్లకీ ఒంటినిండా ఒకే మోతాదు యూవీబీ ఇచ్చారు. చర్మంలో ముడిసరుకు ఇద్దరికీ సమానమే. కానీ మర్నాడు రక్తంలో డి3 పెరుగుదల స్థూలకాయుల్లో 57 శాతం తక్కువ. తయారవకపోవడం కాదు, తయారైంది రక్తంలోకి రాకపోవడం.

ఇక్కడ జన్యువుల్ని ఇంకో పనికి కూడా వాడారు, అది నాకు మరీ ఇష్టం. లావు వల్ల డి తగ్గుతోందా, డి తగ్గడం వల్ల లావెక్కుతున్నారా? మామూలు సర్వేల్లో ఇది తేలదు. బరువు పెంచే జన్యురూపాలు పుట్టుకతోనే వస్తాయి, అలవాట్లు వాటిని మార్చలేవు. కాబట్టి ఆ రూపాలున్నవాళ్లలో డి తగ్గిందా అని చూశారు. 2013లో వచ్చిన జవాబు: శరీర ద్రవ్యరాశి సూచీ (బీఎంఐ) 10 శాతం పెరిగితే డి సుమారు 4 శాతం తగ్గుతుంది. తిరగేసి, డి తగ్గించే రూపాలున్నవాళ్లు లావెక్కారా అని చూస్తే, అలాంటిదేమీ కనపడలేదు.

త్వరత్వరగా
ఇంత చర్చ ఎందుకు? చెల్లెలి డోసు డబుల్ చెయ్యండి, అంతే. నేను వారానికి ఒకటి వేసుకోమన్న 60,000 ఐయూ (అంతర్జాతీయ యూనిట్లు) మాత్ర రోజూ వేసుకున్నా, ఏమీ కాలేదు.

ల్యాబ్‌కోటు
దయచేసి ఎవరూ అలా చెయ్యకండి. మీకు ఏమీ కాలేదంటే మీ తూము బాగా పనిచేస్తోందని. అందరికీ చెయ్యదు. 1950లలో బ్రిటన్‌లో పసిపిల్లల పాలపొడుల్లో విటమిన్ డి దండిగా కలిపాక, కొందరు పసివాళ్ల రక్తంలో కాల్షియం ప్రమాదకరంగా పెరిగిపోయింది. అదే పాలపొడి తాగిన మిగతా పిల్లలకి ఏం కాలేదు. ఇలాంటి జబ్బుకి ఒక ముఖ్య కారణం 2011లో తెలిసింది. తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చిన సీవైపీ24ఏ1 రెండు ప్రతులూ చెడిపోయి ఉండటం. వచ్చింది వచ్చినట్టు నిలవైపోతుంది, విరగ్గొట్టేవాడు లేడు. జన్యువు, పరిసరం రెండూ కలిస్తే తప్ప జబ్బు బయటపడకపోవడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలీదు. పెద్దవాళ్లకి డాక్టరు పర్యవేక్షణ లేకుండా రోజుకి 4,000 ఐయూ దాటొద్దనేది ఊరికే పెట్టిన హద్దు కాదు.

మేఘమాల గారూ, నా ప్రశ్న వేరు. 31, 19 రెండూ ఒకే ల్యాబులో, ఒకే రోజు చేయించారా?

మేఘమాల
లేదండీ. నాది ఆసుపత్రి ల్యాబులో. దానిది ఐదు వారాల తర్వాత వాళ్ల ఆఫీసులో పెట్టిన శిబిరంలో. అప్పటికి మాత్రల కోర్సు అయిపోయి నెల దాటింది కూడా.

ల్యాబ్‌కోటు
అదీ సంగతి. పాతికేళ్లుగా ఇదే పని చేస్తున్నా, చెబుతా వినండి. 25-హైడ్రాక్సీ రూపం రక్తంలో సగానికి తగ్గడానికి రెండు మూడు వారాలు పడుతుంది. మాత్రలు ఆపిన ఐదు వారాలకి తీసిన నమూనానీ, కోర్సులో ఉండగా తీసిన నమూనానీ పక్కపక్కన పెడితే అది పోలిక కాదు. ఎండ నుంచి కొత్తది చేరుతుంటుంది కాబట్టి ఖచ్చితంగా సగమని కాదు గానీ, తగ్గడం ఖాయం.

పైగా పద్ధతులు వేరు. కొన్ని ల్యాబులు యాంటీబాడీలతో కొలుస్తాయి, కొన్ని మాస్ స్పెక్ట్రోమెట్రీతో (అణువుల్ని బరువు చూసి గుర్తుపట్టే పద్ధతి). ఒకే నమూనాని రెండు చోట్లకి పంపితే అంకెలు వేరుగా రావడం మాకు కొత్త కాదు. జుట్టు కోసం బయోటిన్ అనే విటమిన్ ఎక్కువ మోతాదులో వేసుకుంటే కొన్ని యాంటీబాడీ పరీక్షలు దారి తప్పుతాయి. ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు మోసే ప్రోటీన్‌ని పెంచి అంకెని పైకి లేపుతాయి. జన్యువుల దాకా వెళ్లేముందు కొలబద్దని అనుమానించండి.

చదువరి77
అయితే జన్యు పరీక్ష చేయిస్తే తేలిపోదా? ఇంట్లోనే ఉమ్మి తీసి పంపితే చాలట.

పాత_పంతులు
తేలినా చేసేది మారదు. ఏ రూపం ఉన్నా వైద్యుడు చూసేది రక్తంలో మట్టం, ఎముకలు, కాల్షియమే. పరీక్ష నిజంగా పనికొచ్చేది అరుదైన సందర్భాల్లో: ఎంత విటమిన్ ఇచ్చినా రికెట్స్ (ఎముకలు మెత్తబడే జబ్బు) తగ్గని పిల్లల్లో. కిడ్నీలో ఆ హార్మోనుని తయారుచేసే సీవైపీ27బీ1 చెడితే విటమిన్ ఆఖరి మెట్టు ఎక్కలేదు, అప్పుడు తయారైన హార్మోనునే ఇవ్వాలి. గ్రాహకమే చెడితే (వీడీఆర్ జన్యువు) హార్మోను దండిగా ఉన్నా కణానికి వినపడదు. అలాంటి పిల్లల్లో కొందరికి తల మీద జుట్టు కూడా ఉండదు.

ఇంకో అపురూపమైన కేసు 2019లో వచ్చింది. 58 ఏళ్ల ఆవిడకి జీసీ జన్యువు రెండు ప్రతులూ లేవు. అంటే మోసే ప్రోటీనే లేదు. ఎంత మందు ఇచ్చినా 25-హైడ్రాక్సీ మట్టం లేవలేదు. రిపోర్టు చూస్తే ఎవరైనా కంగారుపడతారు. కానీ ఒంట్లో విటమిన్ డి వ్యవహారం దెబ్బతిన్నది మాత్రం కొద్దిగానే. మోసేవాడు లేకపోయినా విడిగా తిరిగే కొద్దిపాటి విటమిన్ కణాల్లోకి చేరుతూనే ఉంది. ఆ అంకె మీద నాకున్న భక్తి ఆ కేసుతో కొంత సడలింది.

ల్యాబ్‌కోటు
దానికి ఒక జాగ్రత్త మాట జోడిస్తా. విడిగా ఉన్న విటమిన్ డిని లెక్కకట్టడం కూడా అంత తేలిక కాదు. 2013లో అమెరికా నల్లజాతివాళ్లలో మొత్తం డి తక్కువైనా, మోసే ప్రోటీనూ తక్కువే కాబట్టి కణాలకి అందేది సమానమేనని ఒక పేరున్న అధ్యయనం చెప్పింది. తర్వాత చూస్తే, అందులో వాడిన యాంటీబాడీ ఆఫ్రికా సంతతిలో ఎక్కువగా ఉండే జీసీ రూపాన్ని సరిగా పట్టుకోలేకపోయింది. వేరే పద్ధతితో కొలిస్తే ప్రోటీన్ తేడా దాదాపు మాయమైంది. జన్యువు మట్టాన్నే కాదు, కొలిచే కిట్టునీ ఏమార్చింది.

మేఘమాల
(ఏడు వారాల తర్వాత)
మళ్లీ వచ్చా. ల్యాబ్‌కోటు గారు చెప్పినట్టే చేశాం. డాక్టరు ఇద్దరికీ మళ్లీ రోజువారీ చిన్న డోసు పెట్టారు. మొన్న ఒకే రోజు, ఒకే ల్యాబు, ఒకే కుర్చీలో ఒకరి తర్వాత ఒకరం చెయ్యి చాపాం. నాకు 28, దానికి 22.

లెక్కల_మాస్టారు
12 తేడా 6 అయింది. మొదటి 12లో ఎంతవరకు ల్యాబుదో, ఎంతవరకు ఐదు వారాలదో విడదీయలేం గానీ, జన్యువుల మీద వేసిన నింద కొంత దిగింది. మిగిలిన 6లో బరువు ఉండొచ్చు, జీసీ ఉండొచ్చు, రెండూ ఉండొచ్చు.

చదువరి77
22 అంటే ఇంకా లోపమేగా? 30 ఉండాలంటారు.

ల్యాబ్‌కోటు
ఎవరినడుగుతున్నారన్న దాన్నిబట్టి. అమెరికా వైద్య సంస్థ ఐఓఎం 2010లో తేల్చింది 20 ఉంటే దాదాపు అందరి ఎముకలకీ చాలని. అక్కడి ఎండోక్రైన్ సొసైటీ (హార్మోన్ల వైద్యుల సంఘం) 2011లో 30 అంది, 2024లో ఆ 30ని తనే పక్కన పెట్టేసింది. 2,000 ఐయూ రోజూ ఇచ్చి 25,871 మందిని చూసిన వైటల్ ట్రయల్‌లో క్యాన్సరూ గుండెజబ్బూ తగ్గలేదు, ఎముకలు విరగడమూ తగ్గలేదు. వాళ్లలో చాలామంది మొదటినుంచీ తక్కువ ఉన్నవాళ్లు కాదు, అది గుర్తుంచుకోవాలి. మీ చెల్లెలి 22 గురించి వాళ్ల డాక్టరు కంగారుపడకపోతే నేనూ పడను.

మేఘమాల
డాక్టరూ అదే అన్నారు. చెల్లికి మాత్రం 22 కంటే, నేను ఇక్కడ దాని బరువు రాయడమే బాధగా ఉందట, చదివేసింది. ఇంకోటి, మా ఇద్దరి హడావుడి చూసి అమ్మ కూడా పరీక్ష చేయించుకుంటానంటోంది. 60 ఏళ్లు, ఏ జబ్బూ లేదు. పంపనా?

ల్యాబ్‌కోటు
జబ్బేం లేని పెద్దవాళ్లకి ఊరికే ఈ పరీక్ష చెయ్యొద్దనే ఆ 2024 మార్గదర్శకాలు చెప్పాయి. నా పొట్ట నేనే కొట్టుకుంటున్నా గానీ, వద్దనండి.

ఎండమావి
అమ్మగారిని నీడ పొట్టిగా ఉన్నప్పుడు కాసేపు నడవమనండి. ఈసారి నీడ చూసే చెబుతున్నా.